డిసెంబరు పేరా

“ఇంకా సంతకం పెట్టలేదేటి?”

వీరేంద్ర ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టి, బల్ల మీది కాగితాన్ని మళ్ళీ భార్య ముందుకి జరిపాడు. నిన్న సాయంత్రం నుంచి అది అటూ ఇటూ జరగడం ఇది నాలుగోసారి.

“ఇవాళ వార్షికోత్సవం. ఎంఈఓ గారొస్తున్నారు. నివేదిక ఇంకా సగం రాయాలి. ఇప్పుడా ఈ గొడవ?” అంది అనూరాధ, చట్నీ గిన్నె చేత్తో పట్టుకునే.

“నీకెప్పుడు కుదురుతాది? బడి, బడి పిల్లలు, బడి గోడలకి సున్నం. ఇంట్లో కూడా ఒక పిల్లుంది. దాని గురించి ఎప్పుడు మాట్లాడాలో ఆ టైమేదో నువ్వే చెప్పు.”

అది టీసీ కాగితం. పిల్ల పేరు ధనశ్రీ, నాలుగో తరగతి. పుట్టుమచ్చలతో సహా అన్నీ వీరేంద్రే తన చేత్తో నింపేశాడు. బడి మానడానికి కారణం అన్న చోట మాత్రం ఏమీ రాయలేదు. కింద ప్రధానోపాధ్యాయురాలు సంతకం పెట్టి ముద్ర వెయ్యాలి. ఆ ప్రధానోపాధ్యాయురాలు ఈ చట్నీ గిన్నె పట్టుకున్న మనిషే. కన్నకూతురు తన బడి వదిలి వెళ్ళిపోతోందని తానే రాసి తానే ముద్ర కొట్టే యోగం పగవాళ్ళకి కూడా వద్దు.

పోయిన జూన్‌లో నూకాలమ్మపాలెం బడిలో పిల్లలు పందొమ్మిది మందే తేలారు. ఇరవై కన్నా తగ్గితే బడి ఎత్తేసి హైవే అవతలి బడిలో కలిపేస్తామని పై నుంచి కాగితం వచ్చింది. ఆ హైవే మీద పగలూ రాత్రీ కంటైనర్ లారీలే. అనూరాధ రెండు రోజులు సరిగా అన్నం తినకుండా ఆలోచించి, గాజువాకలో ప్రైవేటు బడికి పోతున్న కూతుర్ని తెచ్చి తన రిజిస్టర్లో ఇరవయ్యో పేరుగా రాసుకుంది. ఒక్క ఏడాదే అని మొగుడికి మాటిచ్చింది. ఆ ఏడాది అయిపోయింది. అయిదో తరగతి వాళ్ళు పోగా, ఒకటో తరగతిలో కొత్తగా చేరేవాళ్ళని కలిపితే, వచ్చే జూన్‌కి లెక్క ఇరవై ఒకటి. అందులో ధనశ్రీ ఒకతి.

“ఇది పోయినా ఇరవై ఉంటారు కదా! నీ బడికొచ్చిన నష్టమేటి?” అన్నాడు వీరేంద్ర.

“ఇంకొక్కరు జారితే?”

“అదిగో! అసలు మాటిది. నీకు కూతురు కాదు కావాల్సింది, లెక్కకి తల కావాలి.”

“అలా అనకండి. ఈ ఏడాది అది ఎన్ని చేసింది! పోర్టు చూసింది, జూ చూసింది, తోట వేసింది. కథ చెప్పే పోటీలో జిల్లాలో రెండో బహుమతి తెచ్చింది. ఆ గాజువాక బడిలో కూచోబెట్టి ఎక్కాలు బట్టీ కొట్టిస్తే వచ్చేదా ఇదంతా?”

హాల్లో సూర్యకాంతమ్మ మనవరాలికి జడ వేస్తోంది. కథ అన్న మాట వినగానే ధనశ్రీ తల ఒక్క కుదుపు కుదిపింది.

“ఉండే గుంటా, కదలకు!” అని సూర్యకాంతమ్మ జడ బిగించి, కోడలికి వినబడేలా మొదలెట్టింది. “బహుమతి సంగతి సరే. దీని మాట సూసినావా? మొన్న మా ఆడపడుచు ఫోన్లో ఏటే తిన్నావంటే, ‘నాను సేపలు తిన్నాను’ అందట. ఏటా మాటలు! సిగ్గుతో సచ్చీపోనాను.”

సూర్యకాంతమ్మ పెందుర్తి అవతలి పల్లెలో పుట్టింది. అరవై ఆరేళ్ళుగా తన నోటంట వస్తున్నదీ ఆ మాటేనని ఆవిడకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

“అత్తయ్యా, దానికి ఇష్టమైన బడి అది. స్నేహితులున్నారు. కావాలంటే దాన్నే అడగండి,” అంది అనూరాధ. గెలిచే చోటు దొరికిందనుకుంది. “ఏమ్మా ధనా, నువ్వే చెప్పు నాన్నకి.”

ధనశ్రీ తల వంచుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. నిన్నటి నుంచి సరిగా తినలేదు, జ్వరమేమో అని రాత్రి రెండుసార్లు నుదురు చూసింది అనూరాధ. జ్వరం లేదు.

“చెప్పమ్మా.”

“సంతకం పెట్టీ అమ్మా,” అంది ధనశ్రీ.

అనూరాధ చట్నీ గిన్నె బల్ల మీద పెట్టేసింది. వీరేంద్ర కూతురి వైపు తిరిగి చూశాడు, గెలుస్తానని అనుకోలేదు కాబోలు. సూర్యకాంతమ్మ మాత్రం “చూసినావా!” అన్నట్టు దువ్వెన పైకెత్తింది.

“ఎందుకమ్మా? బడి బాగోలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా?”

ధనశ్రీ రిబ్బను చివర వేలికి చుట్టుకుంటూ కూచుంది. తల్లి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆ రిబ్బనే.

వీధి చివర అచ్యుతాపురం కంపెనీ బస్సు హారన్ కొట్టింది. వీరేంద్ర లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

“పర్మిషన్ పెట్టుకుని నాలుగున్నరకి వస్తాను. ఫంక్షన్ అయిపోగానే మీ ఆఫీసు రూములోనే సంతకం. ఇంక నీతో మాటల్లేవు,” అని వెళ్ళిపోయాడు.

* * *

బడి అంటే రెండు గదులు, ఒక వరండా. ముందు షామియానా వేశారు. వరండా నిలువునా ఫ్లెక్సీ కట్టారు. ‘మా బడి, ఈ ఏడాది’ అని పైన పెద్ద అక్షరాలు, కింద పన్నెండు ఫొటోలు. అన్నిటికన్నా పెద్దది నడిమి ఫొటో. షీల్డు పట్టుకుని ధనశ్రీ నవ్వుతోంది.

ఆఫీసు గదిలో అనూరాధ నివేదిక ముందు కూచుంది. జూన్ నుంచి నవంబరు దాకా చకచకా వచ్చేసింది. డిసెంబరు దగ్గర పెన్ను ఆగింది. ఆగాల్సిన పనేం లేదు. జిల్లా ఆఫీసుకి అప్పుడే పంపిన వాక్యం ఉంది, మళ్ళీ ఎత్తి రాసుకుంటే సరిపోతుంది.

“టీచరమ్మా.”

కాశమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన చేపల గంప లేదు. సముద్రంలో వేట నిషేధం మొదలై వారం అయింది, పేటలో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. గంప లేని కాశమ్మని చూస్తే అనూరాధకి ఎవరో కొత్త మనిషిలా అనిపించింది.

“రా కాశమ్మా. సాయంత్రం కదా ఫంక్షను, అప్పుడే వచ్చేశావే?”

“టీసీ కావాలండి.”

“ఎవరికి?”

“నాకెందుకండి టీసీ? నా కూతురికి.”

దేవిశ్రీకి. ఇంట్లో ఉన్న కాగితం ఒకటి, ఇది రెండోది. ఇరవై ఒకటిలో రెండు పోతే పందొమ్మిది. అనూరాధ కుర్చీలోంచి లేచింది.

“ఏమైంది కాశమ్మా? దేవిశ్రీ ఎంత బాగా చదువుతోంది! ఇప్పుడెక్కడికి పంపుతావు?”

“రోడ్డవతల బడికి. లారీలున్నాయని నాకూ తెలుసు. సెయ్యి పట్టుకుని నానే దాటిత్తాను. బేగి రాసిచ్చీండి, నానెల్లాల.”

“కారణం చెప్పకుండా టీసీ ఎలా ఇస్తాను?”

“కారణం మీకు తెల్దేటి?” అంది కాశమ్మ.

గొంతు పెంచలేదు. చేపల బజార్లో ఆ గొంతు విన్నవాళ్ళకి తెలుసు, కాశమ్మ మెల్లగా మాట్లాడుతోందంటే అవతలివాళ్ళకి మూడినట్టే.

“కథల పోటీకి ఎల్లిన రోజు మీరేటన్నారు నాతో? ‘పది నిమిషాలు సూసాను కాశమ్మా, పిల్ల రాలేదు’ అన్నారు. అన్నారా నేదా?”

“అన్నాను.”

“ముందు రోజే కబురెట్టినాను కదా. మాది కొత్త వల. కొత్త వల నీల్లలో దిగే పూట ఇంట్లో ఆడపిల్ల సేత్తో దానికి పసుపు రాయాల, అది మా ఇంట్లో ఒకర్తే ఆడపిల్ల. రాసి పరిగెట్టుకొచ్చీద్ది, ఒక్క పది నిమిషాలు ఆగండి అని సెప్పించినాను. మీరు సరే అన్నారు.”

“ఆగాను కాశమ్మా…”

“మీ మాట నమ్మి నాను ఇంటికెల్లి దాన్ని కొట్టినాను టీచరమ్మా! బేగి ఎందుకెల్లలేదే అని కొట్టినాను. ‘ఎల్లినానమ్మా, పరిగెట్టినాను, ఆటో ఆపనేదు’ అని ఏడ్సింది. టీచరమ్మ అబద్దం ఆడతారేటే, నోరు ముయ్యి అని ఇంకో రెండేసినాను.” కాశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట తుడుచుకుందో ఇంకేం తుడుచుకుందో అనూరాధ చూడలేదు, చూసే ముఖం లేదు. “ఇప్పుడు మీ పిల్లే వొచ్చి సెప్పింది. నిన్న, మా ఇంటికొచ్చి, నా కూతురి ముందల ఏడ్సుకుంటా సెప్పింది. ‘అమ్మకి నాను సెప్పినాను, అమ్మ ఎనక్కి తిరిగి సూసింది’ అని.”

నిజమే, చూసింది.

ఆ డిసెంబరు చలిలో ఆటో ఎనిమిదికి కదలాలి, ఎనిమిది దాటి అయిదు నిమిషాలే అయింది. పెందుర్తిలో తొమ్మిదిన్నరకి పోటీ. సరదాగా వస్తానంటే ధనశ్రీని కూడా ఎక్కించుకుంది. ఆటో కదిలి పది గజాలు పోయిందో లేదో, “అమ్మా, దేవిశ్రీ వస్తంది, ఆపమను!” అంది ధనశ్రీ. అనూరాధ తిరిగి చూసింది. ఉతికిన యూనిఫాం, రెండు చేతులకీ పసుపు, ఒక చెప్పు ఊడిపోయి పరిగెడుతోంది పిల్ల. ఆటోవాడు బ్రేకు మీద కాలు పెట్టి మేడమ్ మొహం చూశాడు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా అనూరాధ అంది: “పోనీ.”

ఎందుకన్నదీ తనకి తాను చాలా జవాబులు చెప్పుకుంది. టైమైపోయింది, ట్రాఫిక్ ఉంటుంది, ఆ పసుపు చేతులతో స్టేజీ ఎక్కిస్తే ఏం బాగుంటుంది. నిజం జవాబు ఇంకోటుంది. దేవిశ్రీ చెప్పే కథ వాళ్ళ నాన్నమ్మ పోతమ్మది. వలలు అల్లే ముసలమ్మ ప్రతి వలలోనూ ఒక్క కన్ను పెద్దది వదిలేసి, పిల్ల చేపని పారిపోనిచ్చే కథ. నెల రోజులు ఆ పిల్లకి నేర్పింది అనూరాధ. ‘సేప’ అంటే ‘చేప’ అనమనీ, ‘నాను’ అంటే ‘నేను’ అనమనీ దిద్దింది. దేవిశ్రీ నాలుక దారికి రాలేదు. మూల కూచుని విన్న ధనశ్రీ మాత్రం కథంతా తప్పు లేకుండా అప్పజెప్పేసింది. ‘నా పిల్లయితే ఎంత శుభ్రంగా చెబుతుందో’ అని ఆ వారమంతా అనూరాధ మనసులో పురుగు తొలుస్తూనే ఉంది. ఆటోలో ఆ పురుగే మాట్లాడింది.

“తప్పయింది కాశమ్మా,” అంది. ఆ మాట అనడానికి నాలుగు నెలలు పట్టింది. “ఇవాళ సాయంత్రం దేవిశ్రీ చెబుతుంది ఆ కథ. నేనే స్టేజీ ఎక్కిస్తాను. సరేనా?”

కాశమ్మ నవ్వింది. అంత చేదు నవ్వు అనూరాధ ఎన్నడూ చూడలేదు.

“ఇప్పుడా? ఇప్పుడు నా కూతురు సెప్తే జనం ఏటంటారో తెలుసా? టీచరమ్మ కూతురి కథ నేర్సుకుని సెప్తంది అంటారు. అదుగో, గోడకి అంత ఫొటో కట్టినారు. పేపర్లో ఏసినారు. మా అత్త కథ మా ఇంట్లోంచి ఎల్లిపోనాది. తిరిగెలగ తెత్తారు?”

వరండాలోంచి ఉమాశంకర్ మాస్టారు తొంగి చూసి, లోపలి మొహాలు చూసి, వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

“నేనేం చెయ్యాలో చెప్పు కాశమ్మా. ఈ బడి పోతుంది. నీ పిల్ల ఒక్కటీ కాదు, అందరూ ఆ రోడ్డు దాటాలి.”

“బడి నాకూ కావాల. నానూ ఈ బడిలోనే మూడు దాకా సదివినాను.” కాశమ్మ షామియానా వైపు చూసింది. “సాయంత్రం మైకులో అన్నీ సదువుతారు కదా, ఏడాదంతా ఏటేటి సేసినారో. అందులో ఇదీ సదవండి. పిల్ల వొచ్చింది, నానే ఆపనేదు అని. అంతే. ఇంకేటొద్దు. మా అత్త వింటాది, పేటంతా వింటాది. అప్పుడు టీసీ మీ దగ్గరే ఉంచీండి.”

చెప్పుల చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

అనూరాధ ఫోన్ తీసి మొగుడికి చేసింది. ఎవరితోనో ఒకరితో అనకపోతే గుండె పగిలేట్టుంది. మిషన్ల రొదలో వీరేంద్ర అంతా విన్నాడు. 

“నాకెప్పుడూ చెప్పలేదే?” అన్నాడు చివరికి.

“ఇప్పుడు చెబుతున్నాను.”

“మైకులో కూడా చెప్తావా? చెప్తే నీ తప్పు ఎవడికి గుర్తుంటాది అనూరాధా? టీచరమ్మ కూతురు కథ కాజేసిందంటారు. పోనిమ్మన్నది నువ్వు, మోసేది ధనశ్రీయా?”

“మరి దేవిశ్రీ దెబ్బలు తింది కదండీ.”

“నాకు తెలీదు. నా పిల్ల పేరు మాత్రం ఎత్తకు,” అని పెట్టేశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యీ గొయ్యీ కూడా తను తవ్వుకున్నవే. అనూరాధ తెల్లకాగితం తీసుకుని డిసెంబరు పేరా కొత్తగా రాసింది. మూడే వాక్యాలు. కూతురి పేరు రాకుండా రాసింది. రాసి చదువుకుంటే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. ధనశ్రీ పోయినా ఇరవై ఉంటారు. బడి ఉంటుంది. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

* * *

ఎంఈఓ అర్జునరావు గారు సరిగ్గా నాలుగున్నరకి వచ్చారు. పెద్దాయన, మంచివాడు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు.

షామియానా నిండింది. వేట లేదు కాబట్టి మగవాళ్ళు కూడా వచ్చారు. కాశమ్మ మొగుడు నీలకంఠం వెనక నిలబడ్డాడు. ముందు వరసలో పోతమ్మకి కుర్చీ వేశారు, ముసలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. కింద జంపఖానా మీద పిల్లలు. దేవిశ్రీ చివర్న కూచుంది. ఒక పక్కగా వీరేంద్ర, సూర్యకాంతమ్మ. వీరేంద్ర చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం కనిపిస్తూనే ఉంది.

నివేదికకి ముందు అర్జునరావు గారు నాలుగు మాటలు మాట్లాడతానన్నారు.

“ఈ బడిని ఎత్తేస్తారని మీలో చాలామందికి భయం ఉంది. నాకు తెలుసు. ఇవాళ ఒక మంచి మాట చెబుతున్నాను. ఇంత చిన్న బడి నుంచి ఒక పిల్ల జిల్లాలో రెండో బహుమతి తెచ్చింది. ఆ ఒక్క విషయం చూపించి, పిల్లలు ఎంతమంది ఉన్నా సరే, ఈ బడిని ఉంచాల్సిందేనని పైకి రాశాను. నిన్ననే ఒప్పుకున్నారు. ఈ బడి ఎక్కడికీ పోదు!”

ఈలలు, చప్పట్లు. నీలకంఠం కూడా కొట్టాడు. అర్జునరావు గారు పక్కకి తిరిగి, “అంతా ఆ షీల్డు పుణ్యమేనమ్మా,” అన్నారు అనూరాధతో.

అనూరాధ చేతిలోని కాగితం చూసుకుంది. మధ్యాహ్నం దాకా ఉన్న లెక్క, నిజం చెబితే బడి నిలుస్తుందని. ఇప్పుడు నిజం చెబితే ఆ షీల్డు ఏమవుతుంది? ఈయన పైకి రాసిన కాగితం ఏమవుతుంది? నమ్మి రాసిన మనిషి మొహం ఎలా చూడటం? ఇన్ని ప్రశ్నలూ బడి కోసమే అనుకుంది. ఎంత బడి కోసమో, ఎంత తన మొహం కోసమో తూకం వేసి చెప్పడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

“ఇప్పుడు మన హెచ్చెమ్ గారు వార్షిక నివేదిక చదువుతారు,” అన్నాడు ఉమాశంకర్.

లేచి మొదలుపెట్టింది. జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లలకి పూలిచ్చాం. జూలైలో నలభై మొక్కలు నాటాం, మేకలు తినగా పదకొండు మిగిలాయి. జనం నవ్వారు. ఆగస్టులో జెండా పండక్కి మూడో తరగతి సాయిశంకర్ దేశనాయకుడి వేషం వేసి, మీసం ఊడిపోతే చేత్తో పట్టుకునే ఉపన్యాసం పూర్తి చేశాడు. సెప్టెంబరులో పోర్టు చూడ్డానికి వెళ్ళాం. ఓడల గురించి అక్కడి ఆయన చెబుతుంటే మన పిల్లలే ఆయనకి గాలివాటం గురించి నేర్పి వచ్చారు. మళ్ళీ నవ్వులు. అక్టోబరులో పెరటి తోట, మధ్యాహ్న భోజనంలోకి మన బెండకాయలు. నవంబరులో జూకి వెళ్ళాం, తిరిగొచ్చేటప్పుడు లెక్క పెడితే ఒకరు ఎక్కువొచ్చారు, వేరే బడి పిల్లాణ్ణి దింపి రావలసి వచ్చింది.

ఒక్కో నెల చదువుతూ అనూరాధ పిల్లల వైపు చూసింది. ఎంత మంచి ఏడాది! ఒక్క పొద్దుటి పూట తప్ప.

“డిసెంబరు,” అంది.

ముందు వరసలో పోతమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. కాశమ్మ ఎక్కడో వెనక ఉండాలి, అనూరాధ వెతకలేదు. కాగితం మీద మూడు వాక్యాలు నల్లగా ఉన్నాయి.

“డిసెంబరులో జిల్లా స్థాయి కథా పోటీ జరిగింది. ఎంపికైన విద్యార్థిని సమయానికి హాజరు కానందున, నాలుగో తరగతి విద్యార్థిని చిరంజీవి ధనశ్రీ పాల్గొని ద్వితీయ బహుమతి సాధించింది.”

కాగితం మీద ఉన్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. ఎప్పుడో పంపిన వాక్యం, ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చేసింది. చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది సూర్యకాంతమ్మ. వీరేంద్ర కొట్టలేదు. నేల చూస్తున్నాడు.

జనవరి చదువుతుండగా కాశమ్మ వచ్చింది. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, జంపఖానా చివర వంగి, దేవిశ్రీ చెయ్యి పట్టుకుని లేపింది.  పోతమ్మ “ఏటే, కథ వినకుండా ఎల్లిపోతన్నారేటి?” అంది. కాశమ్మ అత్త చెవిలో ఏదో చెప్పింది. ముసలమ్మ స్టేజీ వైపు ఓసారి చూసి, కర్ర అందుకుని తనూ లేచింది. ముగ్గురూ గేటు వైపు నడిచారు. నీలకంఠం ఏం జరిగిందో తెలియక వెనకే పోయాడు.

అనూరాధ ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ చదివేసి కూచుంది. ఏం చదివిందో తనకే తెలీదు.

“ఇప్పుడు,” అన్నాడు ఉమాశంకర్, “మన బడిని నిలబెట్టిన కథ! చిరంజీవి ధనశ్రీ!”

పట్టు లంగాలో ధనశ్రీ స్టేజీ ఎక్కింది. మైకు ఎత్తుగా ఉంటే ఉమాశంకర్ స్టాండులోంచి తీసి పిల్ల చేతికిచ్చాడు. చప్పట్లు ఆగాయి. ధనశ్రీ మైకు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“అనగనగా,” అని అందించాడు ఉమాశంకర్.

ధనశ్రీ తల అడ్డంగా ఊపింది.

“భయపడకు తల్లీ, అందరూ మనవాళ్ళే,” అన్నారు అర్జునరావు గారు.

“నాను చెప్పను,” అంది ధనశ్రీ. మైకులో ఆ మాట పేటంతా వినబడింది. “చెప్పనని దేవిశ్రీకి ఒట్టేసినాను.”

జనంలో గుసగుస మొదలైంది. సూర్యకాంతమ్మ “ఓలమ్మ, ఏటంటందిది?” అని లేవబోతే వీరేంద్ర చెయ్యి పట్టి కూచోబెట్టాడు.

“పోనీలే, ఇంకో కథ చెప్పమ్మా,” అన్నారు అర్జునరావు గారు నవ్వుతూ.

“నాకింకో కథ రాదండి. అదొక్కటే వొచ్చు. అది దేవిశ్రీది.”

నవ్వు అలాగే ఉంచుకుని ఆయన అనూరాధ వైపు తిరిగారు. కళ్ళలో మాత్రం నవ్వు పోయింది.

“దేవిశ్రీ ఎవరండీ, హెచ్చెమ్ గారూ?”

జంపఖానా మీది పిల్లలందరూ ఒక్కసారే చివరికి తిరిగి, ఖాళీగా ఉన్న చోటు చూశారు. గేటు దాటిన కాశమ్మ, లౌడ్ స్పీకర్లో కూతురి పేరు విని సందు మొదట్లో ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

అనూరాధ లేచి నిలబడింది. ధనశ్రీ రెండు అడుగులు వేసి, మైకు తల్లి వైపు చాచింది.